ఒడ్డు కరెంటు

సోమవారం పొద్దున జెట్టీ గేటుకి కాగితం అంటించి ఉంది. తామాటి కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. లెస్ చదివిపెట్టాడు. లెస్ పడవ తామాటి పడవ పక్కనే ఉంటుంది. పడవ చిన్నది, మనిషి నోరు పెద్దది.

“కాపురం ఉంటున్న పడవలన్నీ శుక్రవారంలోగా కరెంటు తనిఖీ పత్రం చూపించాలంట. లేకపోతే ఒడ్డు కరెంటు పీకేస్తారంట. కింద డారిల్ సంతకం,” అన్నాడు లెస్. “కాపురం ఉంటున్న పడవలంటే ఎవరన్నా? మనమే. అటు చూడు, వాళ్ళ గేటుకి కాగితం ముక్క లేదు.”

అటు జెట్టీలో ఆక్లాండ్ వాళ్ళ తెల్ల లాంచీలున్నాయి. అవి ఏడాదికి రెండు వారాలు తిరుగుతాయి. మిగతా యాభై వారాలూ కరెంటు తీగల్ని ఉప్పునీళ్ళలో వేలాడేసుకుని పడుకుంటాయి. వాటి జోలికి డారిల్ పోడు. కారోరో రేవుకి మేనేజరుగా వచ్చిన దగ్గర్నుంచీ అతని కన్నంతా ఇటు జెట్టీ మీదే. ఇక్కడ పడవల మీద బట్టలారతాయి, తులసి కుండీల్లాంటి డబ్బాల్లో ఉల్లికాడలు మొలుస్తాయి, ముసలివాళ్ళు దగ్గుతారు. రేవు అందం చెడిపోతుందని అతని బాధ. తనిఖీకి ఇంకా తొమ్మిది నెలల గడువుంది. ఇక్కడ జులై అంటే నడి చలికాలం. ఈ చలిలో కరెంటు పీకితే వాళ్ళంతట వాళ్ళే ఖాళీ చేస్తారని లెక్క వేసుకున్నాడు.

“నీకేం భయమన్నా? ఈ జెట్టీకి కరెంటు దేవుడివి నువ్వే కదా,” అన్నాడు లెస్. “రేపు మామూలుగా వచ్చి కలిపెయ్. పత్రాలొచ్చాక మళ్ళీ విప్పేద్దువు.”

తామాటి తల ఊపి తన పడవలోకి దిగాడు. లోపల పిరిహిరా పక్క మీద ఆనుకుని కూచుని ఉంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, కాళ్ళ దగ్గర ఆక్సిజన్ యంత్రం. ఆ యంత్రం రోజంతా ఊపిరి తీస్తూనే ఉంటుంది. అది తీస్తేనే ఆమె తీస్తుంది. పద్నాలుగు నెలలుగా ఈ పడవలో గడియారం కంటే ముఖ్యమైన చప్పుడు అదే. అది ఆగితే రెండు చిన్న సిలిండర్లున్నాయి, ఒక్కొక్కటి మూడు గంటలు వస్తుంది. ఆ తరువాత ఒడ్డెక్కాలి. ఒడ్డెక్కితే ఆసుపత్రి. ఆసుపత్రికి పోనని ఆమె డాక్టరు మొహం మీదే చెప్పి వచ్చింది. ఏం జరిగినా ఈ పడవలోనే జరగాలంది. తామాటి సరేనని మాటిచ్చాడు.

“ఏంటంట లెస్ గోల?” అంది.

“తనిఖీ. ఏం లేదులే.”

“మనది బాగానే ఉంది కదా?”

“నేనుండగా బాగోకపోవడమేంటి?” అన్నాడు తామాటి.

మంగళవారం పొద్దున్నే స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, వేజలీన్ డబ్బా జేబులో పెట్టుకుని జెట్టీ మీదికి ఎక్కాడు. ఇదొక ఆనవాయితీ. బయటివాళ్ళకి చెబితే జుట్టు పీక్కుంటారు, ఇక్కడి వాళ్ళకి మాత్రం మామూలు. ఉప్పునీళ్ళలో పక్కపక్కన కట్టిన పడవలన్నిటినీ ఒడ్డు కరెంటులోని ఎర్త్ వైరు ఒకే తాడు మీదికి తెస్తుంది. అలా కలిశాక, ఎవరి పడవ అడుగున తుప్పుకి అడ్డుగా బిగించిన కొత్త జింకు ముద్ద ఉంటే దాన్ని చుట్టుపక్కల పడవలన్నీ కలిసి తినేస్తాయి. సబ్బుబిళ్ళ అరిగినట్టు అరిగిపోతుంది. అది అయిపోతే తరువాత వంతు ప్రొపెల్లరుది. అటు జెట్టీకి పెద్ద లాంచీలు వచ్చాక ఇటువాళ్ళ జింకులు మూడు నెలలు కూడా ఆగలేదు. పడవని గట్టుకి ఎత్తించి కొత్త ముద్దలు బిగించుకునే శక్తి వీళ్ళెవరికీ లేదు. దానికి సరైన మందు ఉంది. చిన్న పెట్టె ఒకటి కొని తీగ మధ్యలో బిగించుకోవాలి. తామాటి కనిపెట్టిన మందు అంతకంటే తేలిక. ప్లగ్గు విప్పి, ఎర్త్ వైరుని లోపలే విప్పదీసి, కొసకి టేపు చుట్టి, మళ్ళీ మూత బిగించేయడం. ఎనిమిదేళ్ళ కిందట తన పడవకి చేసుకున్నాడు. జింకు అరగడం ఆగింది. అది చూసి మిగతా ఆరు పడవలవాళ్ళూ క్యూ కట్టారు. తనిఖీకి ముందురోజు కలపడం, తరువాతిరోజు విప్పడం.

మాంసం కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు కరెంటు పని చేసిన మనిషికి ఎర్త్ వైరు ఎందుకుంటుందో తెలియక కాదు. తెలిసినవాడి ధీమా అది. తెలియనివాడు భయపడి ఆగిపోతాడు, తెలిసినవాడే నిప్పుతో ఆడతాడు.

ఆరు పడవలూ మధ్యాహ్నానికి అయిపోయాయి. ముందు ఒడ్డు మీది స్తంభం దగ్గర స్విచ్చి ఆపడం, అక్కడి ప్లగ్గు పీకడం, తరువాతే పడవ వైపు ప్లగ్గు. ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్దాడు. గోధుమరంగుకి మాడిన పిన్ను లెస్ ప్లగ్గులో ఒకటి కనపడితే బూతులు తిట్టి మార్చాడు. రబ్బరు వాషర్లకి వేజలీన్ రాశాడు. తీగ నీళ్ళలో మునగకుండా ఒక మెలిక వేసి రెయిలింగుకి కట్టాడు. చూపు మసక. వేళ్ళ కొసలతోనే పని నడుస్తుంది.

చివరికి తన పడవ. పిరిహిరాకి సిలిండరు తగిలించి, యంత్రం ఆపి, కరెంటు ఆపి, ప్లగ్గు విప్పాడు. పాత టేపు జిగురుగా చేతికంటింది. వైరు కొస కత్తిరించి, మెరిసే రాగిని దాని చోట బిగించాడు. ఒడ్డు మీదికి నడిచి స్విచ్చి వేశాడు.

టక్కుమని పడిపోయింది.

మళ్ళీ వేశాడు. మళ్ళీ పడిపోయింది. స్తంభంలోని సేఫ్టీ స్విచ్చి ఎక్కడో కరెంటు కారుతోందని చెబుతోంది. తామాటి అక్కడే కాసేపు నిలబడ్డాడు. తరువాత ప్లగ్గు విప్పి, ఎర్త్ వైరు తీసి పక్కకి వంచి, మూత పెట్టి స్విచ్చి వేశాడు. చక్కగా నిలబడింది. లోపల యంత్రం ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

అప్పుడు అర్థమైంది. కరెంటు ఇవాళ కారడం మొదలుపెట్టలేదు. ఎంతకాలంగానో కారుతోంది. పోయే దారిని తనే కోసేశాడు కాబట్టి బయటపడలేదు. దారి లేని కరెంటు పడవలోని ప్రతి ఇనప ముక్కలోనూ తిష్ఠ వేసుకుని, తాకే చెయ్యి కోసం చూస్తోంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు కాలు కడుక్కోడానికి కూడా నీళ్ళు లేవు. ఎర్త్ కలిపితే కరెంటు నిలబడదు, కలపకపోతే పత్రం రాదు. రెండిట్లో ఏది జరిగినా ఆమె ఊపిరే ఆగేది.

“స్విచ్చేదో మొరాయిస్తోంది. రేపు చూస్తా,” అని లోపలికి చెప్పాడు.

“ఎన్నిసార్లు వేశావో లెక్కపెట్టాను. మూడుసార్లు,” అంది పిరిహిరా.

బుధవారం వేట మొదలైంది. వెతకాలంటే కరెంటు ఆపాలి. ఆపితే సిలిండరు ఖర్చవుతుంది. నిన్న అరగంట పోయింది. ఉన్న ఐదున్నర గంటల్లో రెండు గంటలు వాడుకుంటానని మనసులో గీత గీసుకున్నాడు. కరెంటు ఎక్కడ కారుతోందో చూపించే, కార్ఖానా రోజుల నాటి మెగ్గర్ని అటకలాంటి ముందు గదిలోంచి తీశాడు. ఒక్కొక్క లైను విడదీసి, మీటరు ముల్లు చూడాలి. ముల్లు కళ్ళకి ఆనదు. టార్చి నోట్లో కరచుకుని, మెగ్గరు మీదికి ముక్కు ఆనించి చూశాడు. లైట్ల లైను బాగానే ఉంది. చార్జరు బాగానే ఉంది. నీళ్ళు కాచే టాంకు దగ్గరికి వచ్చేసరికి ముల్లు చచ్చినట్టు పడిపోయింది.

“దొరికింది పిరీ,” అన్నాడు, ఒక్కసారిగా పదేళ్ళు తగ్గినట్టు. “హీటరు కడ్డీ పగిలింది. టాంకు వైర్లు తీసేస్తున్నా. రెండు మూడు రోజులు పంపులో వేణ్ణీళ్ళు రావు, ఓర్చుకో.”

“నాకేం ఇబ్బంది? ఆ పంపు ముట్టుకుని రెండేళ్ళయింది.”

తామాటి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

“అదేంటి?”

“పట్టుకుంటే వేళ్ళు జివ్వుమనేవి. చీమలు పాకినట్టు మోచెయ్యి దాకా. జబ్బు వల్లేమో అనుకున్నా. నీకు చెప్పినట్టే గుర్తు. వయసొచ్చిందే, నరాలు అన్నావు.”

అన్నాడు. ఎప్పుడన్నాడో కూడా గుర్తొచ్చింది. రేడియోలో రగ్బీ వింటూ అన్నాడు. అప్పట్నుంచి ఆమె ఈ చలిలో చన్నీళ్ళతో గిన్నెలు కడిగింది. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ కడిగి, తరువాత ఆ పని అతనికి వదిలేసింది. అతను రబ్బరు తొడుగులు వేసుకుని కడుగుతాడు, చలికి. అతనికి ఏ జివ్వూ తెలియలేదు. చెక్కనేల పొడిగా ఉండబట్టి మనిషి దక్కింది. ఒక చెయ్యి పంపు మీద, ఇంకో చెయ్యి ఏ తడి ఇనుము మీదో పడి ఉంటే ఇవాళ ఈ మాట చెప్పడానికి ఉండేది కాదు. తామాటి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. మెట్ల మీద కూలబడ్డాడు.

“ఏమయ్యా, అలా అయిపోయావు?” అంది ఆమె.

“ఏం లేదు. వంగి వంగి తల తిరిగింది.”

హీటరు తీసేశాక ఎర్త్ కలిపాడు. ఒడ్డు మీద స్విచ్చి వేసి చెయ్యి దానిమీదే ఉంచి వంద లెక్కపెట్టాడు. నిలబడింది. లోపలికి వచ్చి పంది ఎముకలూ ఆకుకూరా వేసి పులుసు పెట్టాడు. ఆమె రెండు చెంచాలు తాగింది. లెస్ తొంగిచూసి, “ఏం అన్నా, దేవుడిగారి గుడిలోనే దీపం లేదంట?” అని నవ్వితే, “పోరా, నీ ప్లగ్గు మాడినప్పుడు ఎవడు దిక్కయ్యాడో గుర్తుపెట్టుకో,” అని తనూ నవ్వాడు. రెండు రోజుల తరువాత అదే మొదటి నవ్వు.

మూడింటికి వాన పట్టింది. మూడుంపావుకి స్విచ్చి పడిపోయింది. యంత్రం ఆగి, సన్నగా ఈల వేయసాగింది.

ఈసారి మెగ్గరుతో వెతకాల్సిన పనే లేకపోయింది. గోడకి కొట్టిన పలక ఒకటి ఊడదీసి తీగని గిల్లాడు. పైనున్న రబ్బరు అప్పడంలా పొడైపోయింది. ఇంకోచోట ఊడదీశాడు. అక్కడా అంతే. మొదటి యజమాని ఎప్పుడో వేయించిన తీగలు. ఉప్పుగాలికీ చెమ్మకీ పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా కుళ్ళిపోయాయి. పొడి ఎండలో ఊరుకుంటాయి, గాలిలో తేమ పెరగ్గానే అన్నిచోట్లా కొంచెం కొంచెం కారతాయి. ఊరందరి తీగలూ చక్కదిద్దినవాడు సొంత పడవ పలకలు ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా ఊడదీయలేదు. దీనికి అతుకులు పనికిరావు. పడవంతా విప్పి కొత్త తీగ లాగాలి. వయసులో ఉన్నప్పుడైతే పది రోజులు. ఇప్పటి కళ్ళతో, ఇప్పటి వేళ్ళతో నెలకి తక్కువ కాదు.

సిలిండరులో ముల్లు ఎర్రగీత దగ్గరుంది. తామాటి వానలో తడుస్తూ జెట్టీ మీదికి వెళ్ళి, ప్లగ్గు విప్పి, ఎర్త్ వైరు పక్కకి వంచాడు. ఎనిమిదేళ్ళ కిందట అదే పని ఈల వేసుకుంటూ చేశాడు. ఈసారి స్క్రూ ఒకటి వేళ్ళలోంచి జారి నీళ్ళలో పడింది. తెలిసి తెలిసి ఆమె చుట్టూ మళ్ళీ పాముల్ని వదులుతున్నాడు. వదలకపోతే ఊపిరి లేదు. మింగలేక కక్కలేక నిలబడి, చివరికి స్విచ్చి వేశాడు.

లోపలికి వచ్చి ఇనుమన్నదాన్నల్లా కట్టడం మొదలుపెట్టాడు. పంపుకి సైకిలు ట్యూబు చుట్టాడు. స్టవ్వుకి రబ్బరు పట్టా కప్పాడు. తలుపు గడియకి తన తొడుగు తొడిగాడు. పడక పక్కనున్న ఇత్తడి కడ్డీకి దుప్పటి చింపి కట్టాడు. ఆమె చూస్తూ ఉంది.

“ఏదీ తాకకు. ఏం కావాలన్నా నన్ను పిలువు.”

“నిన్ను తాకొచ్చా?” అంది.

తామాటికి నవ్వు రాలేదు. “సేలా రేపు తనిఖీకి వస్తుంది. కాళ్ళావేళ్ళా పడి గడువడుగుతా,” అన్నాడు.

గురువారం పదకొండింటికి సేలా వచ్చింది. నలభై దాటిన మనిషి. నాన్న టోంగా దీవుల నుంచి వచ్చి అదే మాంసం కార్ఖానాలో గొర్రెలు కోసేవాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆమెని తామాటి కింద పనికి పెట్టాడు. తీగ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ తామాటి నేర్పినవే. ఇప్పుడు ఈ తీరం పొడుగునా రేవులన్నిటికీ ఆమె సంతకమే.

ఆరు పడవలూ చూసి వచ్చింది. అన్నీ నెగ్గాయి. తామాటి జెట్టీ మీద నిలబడి, చెప్పదలచుకున్న మాటల్ని నోట్లో నములుతూ ఉన్నాడు.

“మామా, నీ జెట్టీ అద్దంలా ఉంది. ప్లగ్గుల నిండా వేజలీన్ రాసింది నువ్వే కదా?” అంటూ ఆమె పడవలోకి దిగింది. మెట్ల మీద కూచుని బూట్లు విప్పింది. “అత్తా, ఎలా ఉన్నావు? లేవకు, లేవకు. అమ్మ నీకు చిలగడదుంపలు పంపింది.”

“దీపమున్నప్పుడే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. నేనింకా ఉన్నానని ఎవరో ఒకరు తిండి పంపిస్తున్నారు,” అంది పిరిహిరా.

సేలా సంచి విప్పి మీటరు తీయలేదు. పత్రాల పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. తామాటికి మొదట అర్థం కాలేదు.

“నాకు ఎర్త్ అంటే ఏంటో నేర్పినవాడి పడవకి నేను ఎర్త్ పరీక్ష పెడతానా? మా నాన్న వింటే చెప్పు తీస్తాడు,” అంది ఆమె రాస్తూ. “అసలు ఆ డారిల్ ఆడుతున్న ఆట నాకు తెలుసు మామా. ఒక్క జెట్టీకే కాగితం అంటించడమేంటి? అత్తకి ఒక్క గంట కరెంటు పోయినా పాపం ఎవరిది? ఇదుగో. నాలుగేళ్ళు నిన్నెవడూ కదిలించడు.”

చించి చేతిలో పెట్టింది. ఆకుపచ్చ కాగితం, కింద ఆమె సంతకం, తేదీ. మూడు రోజులుగా దేనికోసం చచ్చి బతికాడో అది ఏ అడ్డూ లేకుండా వచ్చి అరచేతిలో వాలింది. తామాటి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మడిచి జేబులో పెట్టుకుంటే అయిపోతుంది. పిరిహిరా ఇక్కడే ఉంటుంది. ఇచ్చిన మాట నిలబడుతుంది. నాలుగేళ్ళు అక్కర్లేదు, నాలుగు నెలలు చాలునని డాక్టరు కళ్ళలోనే కనబడింది.

పిరిహిరా అతన్నే చూస్తోంది. జేబులో పెట్టుకో అని ఆ చూపు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ చూపు అర్థం కాని రోజు లేదు.

సేలా లేవబోతూ ఆసరాకి ఇత్తడి కడ్డీ మీద చెయ్యి వేయబోయింది. దుప్పటి గుడ్డ లేనిచోట. ఇంకో చెయ్యి వానకి తడిసిన ఇనప నిచ్చెన మెట్టు మీద ఉంది.

తామాటి ఆమె మణికట్టు పట్టి లాగేశాడు. సేలా తూలి బల్ల మీద పడింది.

“ఏంటి మామా?”

“మెగ్గరు తియ్యి,” అన్నాడు తామాటి.

“ఎందుకు?”

“తియ్యమ్మా. ఈ కాగితం నాకొద్దు. సరిగ్గా చూడు. నేను చూపిస్తా.”

సేలా చుట్టూ చూసింది. పంపుకి ట్యూబు, గడియకి తొడుగు, స్టవ్వు మీద రబ్బరు పట్టా అప్పుడు కనబడ్డాయి. మెగ్గరు తీసింది. పిరిహిరాకి సిలిండరు తగిలించారు. పరీక్ష పది నిమిషాలు పట్టింది. సేలా ఒడ్డు ప్లగ్గు విప్పి, పక్కకి వంచిన ఎర్త్ వైరుని చాలాసేపు చూసింది. కార్ఖానాలో ఇలాంటి తీగ కనబడితే తామాటి ఏం చేసేవాడో ఆమెకి తెలుసు. చేసినవాడిని ఆ పూటే గేటు బయటికి పంపేవాడు.

“ఎవరు విప్పారు?”

“నేనే.”

“ఎన్నాళ్ళయింది?”

“ఎనిమిదేళ్ళు. ఒక్క నాదే కాదు. నువ్వు ఇప్పుడు చూసిన ఆరూ నేను మొన్న కలిపినవే. రేపు మళ్ళీ విప్పేవాణ్ణి.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చినవి. తిట్టలేదు. తిట్టి ఉంటే తామాటికి కొంచెం తేలికగా ఉండేది. ఆకుపచ్చ కాగితాన్ని అతని చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. తీగకి వాడకూడదని ఎర్ర చీటీ కట్టి, దాన్ని చుట్ట చుట్టి భుజానికి తగిలించుకుంది. “అత్తకి ఎంతసేపుంది?” అంది.

“రెండు సిలిండర్లూ కలిపి మూడు గంటలు.”

“పద. బండి తీసుకురా.”

రేవులో సామాన్లు తోసే రెండు చక్రాల బండి ఒకటుంది. లెస్ అందులో పరుపు వేశాడు. పిరిహిరాని దుప్పట్లో చుట్టి, ముగ్గురూ ఎత్తి కూచోబెట్టారు. ఒళ్ళో సిలిండరు, కాళ్ళ దగ్గర యంత్రం. ఆమె మొహం పడవ వైపు తిప్పలేదు. వాన తుంపర్లలో లెస్ గొడుగు పట్టాడు. జెట్టీ చెక్కల మీద చక్రాలు గడగడమంటుంటే ఆరు పడవలవాళ్ళూ బయటికి వచ్చి నిలబడ్డారు.

డారిల్ ఆఫీసులో హీటరు వెచ్చగా ఉంది. బండి సరాసరి లోపలికి వచ్చేసరికి అతను కుర్చీలోంచి లేచాడు.

“ఇదేంటి సేలా? ఇక్కడ రోగుల్ని ఉంచడానికి లేదు. ఇన్సూరెన్సు ఒప్పుకోదు.”

“ఈ రేవులో ఇవాళ నేను పూచీపడే సాకెట్టు నీ బల్ల వెనకాల ఉన్నదొక్కటే,” అంది సేలా. యంత్రం ప్లగ్గు అందులో పెట్టింది. “అంబులెన్సు వచ్చేదాకా ఇది పీకు చూద్దాం. ఇంకో మాట. రేపట్నుంచి అటు జెట్టీ కూడా చూస్తాను. ప్రతి లాంచీ. అక్కడా కాగితం అంటించు.”

డారిల్ బండినీ, అందులోని మనిషినీ చూశాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు అతనికి జెట్టీయే కనబడింది, జెట్టీలో ఎవరున్నారో కనబడలేదు. అతను దుర్మార్గుడేం కాదు, ఎప్పుడూ కిటికీలోంచి చూసే మనిషి. తన కుర్చీ జరిపి ఆమె దగ్గరగా పెట్టి, అంబులెన్సుకి తనే ఫోను చేశాడు. గంటలో వస్తారని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. సేలా కూడా వెళ్ళింది. బయట ఆరుగురికీ ఏదో గట్టిగా చెబుతోంది. ఆ చిన్న పెట్టె గురించి కావచ్చు.

లోపల ఇద్దరే మిగిలారు. తామాటి నేల మీద, బండి చక్రం పక్కన కూచున్నాడు.

“నెల రోజులు,” అన్నాడు. “రేపే మొదలుపెడతా. వెనక గది నుంచి వస్తా. తీగంతా కొత్తది. సేలా సాయం వస్తుంది, అడుగుతా. అవగానే నిన్ను తెచ్చుకుంటా.”

యంత్రం నాలుగైదుసార్లు ఊపిరి తీసింది.

“నువ్వు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఉండాల్సింది,” అంది చివరికి.

“సేలా చెయ్యి వేయబోయింది పిరీ.”

“చూశాను. అప్పటిదాకా ఎందుకు నిలబడ్డావు? నువ్వు ముందే చెప్పేద్దామనుకుంటున్నావు. నీ మొహం నాకు తెలియదా?”

తామాటి తల దించుకున్నాడు. “నువ్వు జబ్బనుకున్నావు. రెండేళ్ళు చన్నీళ్ళతో... నేను నరాలన్నాను. ఇంక ఒక్కరోజు కూడా నిన్ను అందులో ఉంచలేను.”

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి ఊపిరి చాలక దగ్గు వచ్చి, సర్దుకోడానికి చాలాసేపు పట్టింది.

“పిచ్చివాడా,” అంది. “కరెంటు పనివాడితో నలభై నాలుగేళ్ళు కాపురం చేశాను. ఏది జబ్బో ఏది కరెంటో నాకు తెలియదా? మొదటిరోజే తెలుసు.”

తామాటి మొహమెత్తి చూశాడు.

“ఒకసారి అన్నాను. నువ్వు నరాలన్నావు. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ చెబితే నువ్వు లేచి వెతుకుతావు. వెతికితే పలకలు ఊడదీస్తావు. ఊడదీస్తే నెలల తరబడి ఒడ్డున ఉండాలి. ఊపిరి అప్పటికే సరిగ్గా ఆడటం లేదు, ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కనని తెలుసు. అందుకే ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో నేర్చుకున్నాను. అంతే. నువ్వు స్టవ్వు దగ్గరికి తడికాళ్ళతో వెళ్ళిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది. ఏదో ఒక మిషతో వెనక్కి పిలిచేదాన్ని. గుర్తుందా? టీ అడిగేదాన్ని, దిండు సర్దమనేదాన్ని. ఈ మనిషి సతాయిస్తోంది అనుకునేవాడివి.”

మూడు రోజులుగా అతను కాపలా కాశాననుకున్నాడు. ఆమె రెండేళ్ళుగా కాస్తోంది. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఒకే సంగతి దాచారు, ఒకే పడవ కోసం. ఏడుపు వచ్చి, మేనేజరు గది అని కూడా చూడకుండా ఏడ్చాడు.

“కోపంగా ఉందా?” అన్నాడు కాసేపటికి.

“ఉంది. చాలా ఉంది. రెండేళ్ళ నా కష్టం పది నిమిషాల్లో పోగొట్టావు,” అంది ఆమె. “ఆ పిల్ల చచ్చిపోయి ఉంటే ఇంకా కోపం వచ్చేది.”

బయట అంబులెన్సు గుమ్మం దగ్గరికి వస్తున్న చప్పుడు వినబడింది. ఇద్దరు మనుషులు స్ట్రెచరు దించుతున్నారు. తామాటి లేచి నిలబడ్డాడు. ఎక్కడ పట్టుకుని లేపాలో తెలియనట్టు చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

పిరిహిరా దుప్పట్లోంచి చెయ్యి చాపింది.

“పట్టుకో,” అంది. “షాక్ కొట్టదులే.”